బోరు నీటి లెక్క ముందే రాసి పెట్టుకోండి: పరిశ్రమల కాలుష్యం, సర్కారు నిఘా, రైతు జాగ్రత్తలు



మొన్న హాలహర్విలో పత్తి గురించి మాట్లాడుకుందామని కూర్చున్నాం. గులాబీ రంగు పురుగు, ఎరువుల మోతాదు, ఆదోని మార్కెట్ ధరలు అన్నీ అయ్యాక, లేచేటప్పుడు ఒక పెద్దాయన అడిగారు. "సార్, కప్పట్రాళ్ల కాడ జనమంతా రోడ్డు మీదికొచ్చి ఆపుకున్నారంట. రేపు మా పక్కకు ఏదైనా ఫ్యాక్టరీ వస్తే చూసుకునేకి గవర్నమెంటు ఉంది కదా. మాకెందుకు ఆ తలనొప్పి?"

బస్సుకు టైమైందని ఆ రోజు సగం జవాబే చెప్పి వచ్చాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నిజమే, చూసుకోవడానికి ప్రభుత్వం ఉంది. చట్టాలున్నాయి, కార్యాలయాలున్నాయి. అయితే ఆ నిఘా ఎక్కువగా ఫ్యాక్టరీ గొట్టం దగ్గర, ఫైలు దగ్గర ఉంటుంది. మీ బోరు దగ్గర, మీ చేను దగ్గర ఉండదు. అక్కడ లెక్క రాసి పెట్టుకోవాల్సింది మీరే. అదీ ఫ్యాక్టరీ వచ్చాక కాదు, రాకముందే.

మన చుట్టూ ఏం జరుగుతోంది?

ముందుగా ఒక మాట. పరిశ్రమలు వద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు లేకపోతే మన పత్తికి, వేరుశనగకు ఇంత మార్కెట్ ఉండేది కాదు. వాన తప్పిన ఏడాది మన పల్లెల నుంచి గుంటూరు మిరప తోటలకు, బెంగళూరు కట్టడాల పనికి ఎన్ని కుటుంబాలు వలస పోతున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. దగ్గర్లో పని దొరికితే మంచిదే. కానీ పని వచ్చి నీళ్లు పోతే లాభం లేదు.

మన జిల్లాలో ఇప్పుడు పరిశ్రమల కదలిక పెరిగింది. హైదరాబాద్ - బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా ఓర్వకల్లు పారిశ్రామిక ప్రాంతానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర ప్రైవేటు రంగంలో బంగారు గని వచ్చింది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం ఉందో లేదో చూడటానికి 68 చోట్ల బోర్లు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల జనం 2024 నవంబరులో గట్టిగా వ్యతిరేకించారు. దాంతో ఆ పని ముందుకు సాగదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది.

మన కాలువ నీటి సంగతి కూడా ఆలోచించండి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు కర్ణాటకలో చాలా దూరం పారి మన దాకా వస్తాయి. డ్యామ్‌కు ఎగువన, హరిహర్ దగ్గర కుమారపట్టణంలోని పాలీఫైబర్స్ ఫ్యాక్టరీ వ్యర్థాల వల్ల తుంగభద్రలో చేపలు చచ్చాయని 1980లలో అక్కడి జాలర్లు, రైతులు పెద్ద పోరాటమే చేశారు. అంటే మన ఊళ్లో ఫ్యాక్టరీ లేనంత మాత్రాన మనకు సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు.

ప్రభుత్వ నిఘా ఎలా పని చేస్తుంది?

పరిశ్రమల కాలుష్యాన్ని చూడాల్సింది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. మన జిల్లాకు దీని ప్రాంతీయ కార్యాలయం కర్నూలులో ఉంది. 1974 నాటి నీటి కాలుష్య చట్టం, 1981 నాటి గాలి కాలుష్య చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం ఇది పని చేస్తుంది.

పరిశ్రమలను కాలుష్యం స్థాయిని బట్టి రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ వంటి వర్గాలుగా విభజిస్తారు. రెడ్ అంటే ఎక్కువ కాలుష్యం, వైట్ అంటే దాదాపు లేనట్టే. వైట్ మినహా మిగతా పరిశ్రమలు సాధారణంగా మండలి నుంచి రెండు అనుమతులు తీసుకోవాలి. కట్టడం మొదలుపెట్టక ముందు స్థాపనకు ఒకటి, కట్టాక నడపడానికి మరొకటి.   ఈ అనుమతి పత్రంలో షరతులు రాసి ఉంటాయి. రోజుకు ఎంత నీరు వాడాలి, ఎంత వ్యర్థ నీరు వదలాలి, ఎక్కడ వదలాలి, దాన్ని ఎంత శుద్ధి చేయాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. రైతుకు అన్నిటికంటే పనికొచ్చే కాగితం అదే.

గనులు, సిమెంటు, పెద్ద రసాయన పరిశ్రమల వంటి వాటికి ఇవి చాలవు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఇలాంటి చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే మనకు తెలుగులో, అందుబాటులో ఉంచాలి. సభకు కలెక్టర్ గానీ, ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. అనుమతి వచ్చాక, షరతులు పాటిస్తున్నామని ఆ సంస్థ ఏడాదికి రెండుసార్లు, జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి.

ఒక విషయం గమనించండి. అన్ని పరిశ్రమలకూ ఈ సభ ఉండదు. చిన్న తరహా ప్రాజెక్టులకు, అప్పటికే అనుమతి పొందిన పారిశ్రామిక వాడల లోపల పెట్టే యూనిట్లకు మినహాయింపులు ఉన్నాయి. కాబట్టి "సభ పెట్టినప్పుడు చూద్దాంలే" అనుకుంటే అసలు సభే ఉండకపోవచ్చు.

నిఘా ఎక్కడ జారిపోతోంది?

మొదటి లోపం, కొలిచే చోటు. సిమెంటు, చక్కెర, మందుల తయారీ, డిస్టిలరీ వంటి 17 రకాల పరిశ్రమలు 24 గంటలూ కొలిచే మీటర్లు పెట్టుకోవాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. మంచి పనే. కానీ ఆ మీటరు గొట్టం చివర, పొగగొట్టం మీద ఉంటుంది. గొట్టం లోంచి కాకుండా నేలలోకి ఇంకిపోయేది, వానలో కొట్టుకొచ్చేది, రాత్రిపూట ట్యాంకరులో తెచ్చి వాగులో వదిలేది ఆ మీటరుకు కనపడదు. మన పంటకు తగిలే దెబ్బ ఎక్కువగా ఇలాంటి దారుల్లోనే వస్తుంది.

రెండో లోపం, మనుషుల కొరత. దేశం మొత్తం మీద రాష్ట్ర మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయి. ఉన్న కొద్దిమంది ఇంజనీర్లు వందల పరిశ్రమల ఫైళ్లు చూడాలి. అందుకే తనిఖీల భారం చాలావరకు పరిశ్రమ స్వయంగా ఇచ్చే నివేదికల మీదే పడుతోంది.

మూడో లోపం, ఈ మధ్య చట్టాల్లో వచ్చిన మార్పు. 2023 నాటి జన విశ్వాస్ చట్టంతో గాలి చట్టం, పర్యావరణ చట్టం సవరించారు. 2024 ఏప్రిల్ 1 నుంచి చాలా ఉల్లంఘనలకు జైలుశిక్ష బదులు రూ.10 వేల నుంచి రూ.15 లక్షల వరకు జరిమానా పెట్టారు. నీటి చట్టాన్ని కూడా 2024లో ఇదే పద్ధతిలో సవరించారు. అయితే నీరు రాష్ట్రాల విషయం కాబట్టి, ఆ సవరణను ఏ రాష్ట్రమైనా తన శాసనసభలో తీర్మానం చేసి స్వీకరించాలి. కోర్టు చుట్టూ ఏళ్లకేళ్లు తిరగకుండా త్వరగా జరిమానా పడుతుందన్నది ప్రభుత్వం వాదన. అందులో కొంత నిజం ఉంది. కానీ పెద్ద సంస్థకు రూ.15 లక్షలు ఒక ఖర్చు పద్దు మాత్రమే. పైగా ఆ జరిమానా ప్రభుత్వ ఖాతాకు వెళ్తుంది, రైతు నష్టం దానంతటది పూడదు. పరిహారం రైతు వేరుగా అడగాలి.

నాలుగోది, ముందు కట్టి తర్వాత అనుమతి అడగడం. 2020 మే 7న విశాఖపట్నం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. దానికి రాష్ట్ర మండలి అనుమతులు ఉన్నా, చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదన్న సంగతి ఆ సంస్థ స్వయంగా ఇచ్చిన అఫిడవిట్‌లోనే ఉంది. జనానికి తెలిసింది మాత్రం ప్రమాదం తర్వాత. ఇలా వెనక్కు తేదీతో ఇచ్చే అనుమతులు చెల్లవని సుప్రీంకోర్టు 2025 మే 16న వనశక్తి కేసులో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కు తీసుకుంది. కట్టాక అనుమతి తెచ్చుకునే తలుపు పూర్తిగా మూసుకోలేదని దీనివల్ల అర్థమవుతుంది. అందుకే కట్టక ముందే మేలుకోవాలి.

మూడు ఊళ్ల అనుభవం

పటాన్‌చెరు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. 1970ల చివర నుంచి అక్కడ రసాయన, మందుల పరిశ్రమలు వచ్చాయి. వాటి మురుగు నక్కవాగులో కలిసింది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. వాగు పక్క ఊళ్లలో వరి మళ్లు పాడయ్యాయి, బావుల నీరు రంగు మారింది. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. రైతుల నష్టం లెక్కగట్టే పని కోర్టు జిల్లా జడ్జికి అప్పగించింది. తర్వాత కేసు 2001లో హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. విచారణ 2017 దాకా సాగింది. ఆ మధ్యలో ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. అయినా 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొస్తున్న నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు కనపడింది. ఇలాంటి మందుల కోసం అప్పటి ప్రమాణాల్లో పరీక్షే లేదు. పిటిషన్ వేసినప్పుడు పొలంలో ఉన్న రైతుల కొడుకులు ఆ కేసు ముగిసేసరికి నడి వయసుకు వచ్చి ఉంటారు. నష్టం జరిగాక న్యాయం ఎంత నెమ్మదిగా వస్తుందో పటాన్‌చెరు చెబుతుంది.

తుమ్మలపల్లె. కడప జిల్లా వేముల మండలం. అక్కడ కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం గని, శుద్ధి కర్మాగారం నడుపుతోంది. వ్యర్థాలు నిల్వ చేసే పెద్ద చెరువు దగ్గర్లోని కేకే కొట్టాల వంటి ఊళ్ల రైతులు, బోరు నీటితో అరటి తోటలు ఎండిపోతున్నాయని, డ్రిప్ పైపుల్లో తెల్లటి పొర పేరుకుంటోందని ఫిర్యాదు చేశారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర విషయంలో షరతు ఎంతవరకు పాటించారన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. సంస్థ తన వైపు తప్పు లేదంది. ఆ ప్రాంతంలో రాతి పొరల్లోనే యురేనియం ఉంటుంది కాబట్టి నీటిలో సహజంగానే కొంత ఉండొచ్చన్నది వాదన. ఇక్కడే రైతు చిక్కుకుంటాడు. గని రాకముందు ఆ బోరులో ఎంత ఉందో రైతు చేతిలో కాగితం ఉంటే, ఆ వాదనకు ఒక్క నిమిషంలో జవాబు దొరికేది. లేకపోతే ఏళ్ల తరబడి కమిటీ తర్వాత కమిటీ.

పెద్దషాపూర్. హైదరాబాద్ పక్కన శంషాబాద్ దగ్గరి ఊరు. మన దగ్గర పండే ఆముదంతో రసాయనాలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీ హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువుల పరిధిలో 10 కిలోమీటర్ల నిషేధిత ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టారు. కాలుష్య మండలి అనుమతి నిరాకరించింది. రాష్ట్ర ప్రభుత్వమే 1997లో మినహాయింపు ఇచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. నాయుడు కేసుగా పేరొందిన ఆ వివాదంలో 1999 జనవరిలో కోర్టు ఒక ముఖ్యమైన సూత్రం చెప్పింది. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాళ్లదే గానీ, హాని జరుగుతుందని నిరూపించాల్సిన బాధ్యత జనానిది కాదు. 2000 డిసెంబరులో ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదని తేల్చింది. మొదట్లోనే అడ్డుకున్నారు కాబట్టి ఆ రెండు చెరువులూ ఆ ముప్పు నుంచి బయటపడ్డాయి.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ముందుగా అడిగిన చోట రెండు మూడేళ్లలో తేలింది. తర్వాత అడిగిన చోట తరం గడిచింది. కప్పట్రాళ్ల జనం మొదటి దారిలో నడిచారు.

నేను చేసిన పొరపాటు

ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంది, అయినా చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను పని చేసిన ఒక మండలంలో ఒక రైతు పత్తి మొక్కలు పీక్కుని ఆఫీసుకు వచ్చాడు. ఆకుల అంచులు మాడిపోయాయి. పొలం వెళ్లి చూశాను. జింకు లోపం అనుకుని జింకు సల్ఫేట్ రాశాను. మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు. ఈసారి పొటాష్ చల్లమన్నాను. మూడో ఏడాది నేల పైన తెల్లటి పొర కనపడింది. అప్పుడు బోరు నీరు పరీక్షకు పంపించాను. ఉప్పు శాతం విపరీతంగా ఉంది. ఆ బోరుకు ఎగువన మూడు పొలాల అవతల ఒక చిన్న ఫ్యాక్టరీ ఉంది, దాని వెనక గుంతలో మురుగు నీరు నిలుస్తోంది.

రైతు ఫిర్యాదు ఇచ్చాడు. వచ్చిన అధికారి ఒకే ప్రశ్న అడిగాడు: "ఈ బోరులో ఉప్పు ముందు నుంచి ఉందేమో, లేదని ఏం గ్యారంటీ?" రైతు దగ్గర కాగితం లేదు. నా దగ్గరా లేదు. రెండేళ్లు ఎరువుల చీటీలు రాసిన నేను మొదటి ఏడాదే నీళ్లు పట్టి పరీక్షకు పంపి ఉంటే, కనీసం రెండేళ్ల తేడా చూపించేవాళ్లం. ఆ రైతు చివరికి ఆ నాలుగెకరాలు బీడు పెట్టాడు. ఆ తర్వాత ఏ రైతు ఆకు మాడిందని వచ్చినా, చీటీ రాసేముందు నేను అడిగే మొదటి మాట, నీళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారని.

మీరు చేయాల్సిన పనులు

1. బోరు, బావి నీటి పరీక్ష. ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరు - డిసెంబరులో ఒకసారి చేయించండి. మోటారు 10 - 15 నిమిషాలు నడవనివ్వాలి. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచు దాకా నింపి మూత బిగించాలి. రైతు పేరు, సర్వే నంబరు, బోరు లోతు, తేదీ, సమయం రాసిన చీటీ అంటించాలి. ఒక్క రోజులోపు పరీక్ష కేంద్రానికి చేర్చాలి. పురుగుమందు, ఎరువు, శీతల పానీయం సీసాలు వాడొద్దు.

2. ఫలితం చదవడం. ఈసీ అంటే ఉప్పు శాతం. ఇది 0.75 లోపు ఉంటే మంచి నీరు. 2.25 దాటితే మన నల్లరేగడి భూముల్లో జాగ్రత్త పడాలి. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఆర్ఎస్‌సీ 1.25 లోపు మంచిది, 2.5 దాటితే పనికిరాదు. సోడియం ఎక్కువైన నీరు నల్లరేగడిని రాయిలా బిగిస్తుంది, నీరు ఇంకనివ్వదు. అలాంటప్పుడు జిప్సం ఎంత వేయాలో పరీక్ష చూసి చెబుతాం, అంచనాతో వేయొద్దు. ఒక్క ఫలితం కంటే వరుస ఫలితాల్లో తేడా ముఖ్యం. నిరుడు 1.1 ఉన్న ఈసీ ఈ ఏడాది 2.8 అయితే, కారణం వెతకాల్సిందే.

3. లోహాలు, రసాయనాల పరీక్ష. మన భూసార పరీక్ష కేంద్రాల్లో సాధారణంగా ఉప్పు, క్షారం, పోషకాలు చూస్తారు. గని గానీ రసాయన ఫ్యాక్టరీ గానీ వచ్చే సూచన ఉంటే, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో లోహాల పరీక్ష ఒకసారి చేయించాలి. దానికి సీసా, అందులో వేయాల్సిన యాసిడ్ ల్యాబువాళ్లే ఇస్తారు. ఖర్చు ఎక్కువే. ఒక్క రైతు భరించలేడు. ఊళ్లో నాలుగు దిక్కులా ఒక్కో బోరు ఎంచుకుని, రైతు సంఘం గానీ పంచాయతీ గానీ కలిసి చేయిస్తే భారం తగ్గుతుంది.

4. మట్టి నమూనా. ఎకరానికి 8 - 10 చోట్ల ఇంగ్లిషు వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్క నుంచి మట్టి గీకి కలపాలి. అరకిలో మిగిలేదాకా నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేయాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప పడిన చోట తీయొద్దు.

5. ఈ-పంట నమోదు. చాలామంది ఇది బీమాకు, కొనుగోలుకు మాత్రమే అనుకుంటారు. ఏ సర్వే నంబరులో ఏ ఏడాది ఏ పంట ఉందో చెప్పే ప్రభుత్వ రికార్డు ఇది. నష్టపరిహారం అడిగేటప్పుడు మీ మాట కంటే బలమైన సాక్ష్యం. కౌలు రైతులు కూడా తప్పకుండా నమోదు చేయించుకోవాలి. దిగుబడి అమ్మిన చీటీలు దాచుకోండి.

6. అనుమతి పత్రం చూడటం. పరిశ్రమలకు ఇచ్చిన నీటి అనుమతులు, వాటి షరతులు ఒక రిజిస్టరులో ఉంచాలని, సంబంధం ఉన్న ఎవరైనా దాన్ని చూడవచ్చని నీటి చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. లేదా సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి మూడు: అనుమతి పత్రం నకలు, గత రెండేళ్ల తనిఖీ నివేదికలు, సంస్థ ఇచ్చిన ఆరునెలల నివేదికలు.

7. ప్రజాభిప్రాయ సభకు వెళ్లడం. వద్దని గానీ కావాలని గానీ అరిచి వచ్చేస్తే మినిట్స్‌లో ఒక్క లైను కూడా మిగలదు. రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. సభకు రాలేకపోయినా మండలికి రాసి పంపవచ్చు. అడగాల్సిన ప్రశ్నలు ఇవి: నీరు ఎక్కడి నుంచి తీస్తారు, రోజుకు ఎంత? మురుగు ఎక్కడికి పోతుంది? మా ఊరి ఏ బోర్లలో నీటిని పరీక్షించి నివేదికలో రాశారు? మడ్డి, బూడిద ఎక్కడ నిల్వ చేస్తారు, అడుగున ఏం పరుస్తారు? వానకు గుంత పొంగితే నీరు ఎవరి చేను మీదికి వస్తుంది?

నష్టం కనపడితే

తెగులా, పోషక లోపమా, కాలుష్యమా అన్నది ముందు తేల్చుకోవాలి. తెగులు చేలో అక్కడక్కడ గుంపులుగా మొదలవుతుంది. పోషక లోపం ఆ నేల ఉన్నంత మేర కనపడుతుంది. కాలుష్యం మాత్రం వచ్చిన వైపు ఎక్కువగా, దూరం వెళ్లే కొద్దీ తక్కువగా ఉంటుంది. గాలి వీచే వైపు చేలలో, ఒకే వాగు పక్కన వేర్వేరు పంటల మీద, కలుపు మొక్కల మీద కూడా ఒకే రకం మచ్చ కనపడితే అనుమానించండి. వెంటనే రైతు సేవా కేంద్రంలో చెప్పి వ్యవసాయ సహాయకుణ్ని చేనుకు పిలవండి. తేదీతో ఫొటోలు తీయండి. చెడిన చేనుతో పాటు దూరంగా బాగున్న చేనుది కూడా తీయండి.

ఫిర్యాదు కర్నూలులోని కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమంలో ఇవ్వాలి. రసీదు లేకుండా రావద్దు. ఒక్కరు కాకుండా నష్టపోయిన రైతులందరూ సర్వే నంబర్లతో కలిసి ఇస్తే మంచిది. మీరు తీసిన నీటి నమూనా అనుమానానికి ఆధారం అవుతుంది గానీ, పరిశ్రమ మీద కోర్టులో నిలబడేది మండలి అధికారి తీసిన నమూనాయే. చట్టం ప్రకారం అది సంస్థకు తెలియజేసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలతో తీయాలి. కాబట్టి అధికారిని "వచ్చి చూడండి" అని మాత్రమే కాకుండా "చట్టప్రకారం నమూనా తీయండి" అని రాతపూర్వకంగా అడగండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫసల్ బీమాలో గానీ, పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీలో గానీ పరిశ్రమల కాలుష్య నష్టం రాదు. అవి ప్రకృతి వైపరీత్యాలకు మాత్రమే. కాలుష్యానికి పరిహారం కావాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మన రాష్ట్రానికి చెన్నై బెంచీ. పరిహారం కోరే అర్జీ నష్టానికి కారణం మొదలైన నాటి నుంచి 5 ఏళ్లలోపు వేయాలి. కాలుష్యం ఆపమని మాత్రమే అడిగేవాటికి గడువు 6 నెలలే. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో 1 శాతం రుసుము, కనీసం రూ.1,000. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. "చూద్దాం, చూద్దాం" అంటూ గడువు దాటించుకోవద్దు.

పెద్దాయనకు జవాబు

పెద్దాయనా, గవర్నమెంటు ఉంది, దాన్ని వదిలిపెట్టొద్దు. తనిఖీకి రాకపోతే రప్పించాలి, వస్తే రాయించాలి. కానీ అధికారులు మారతారు, ఫైళ్లు మారతాయి, చట్టాలూ మారతాయి. మీ బోరు మాత్రం అక్కడే ఉంటుంది. దాని నీళ్లు ఈ ఏడాది ఎలా ఉన్నాయో చెప్పే కాగితం మీ ట్రంకు పెట్టెలో పట్టాదారు పాసు పుస్తకంతో పాటు ఉండాలి. ఏ ఫ్యాక్టరీ రాకపోతే సంతోషం, ఆ కాగితం మీ ఎరువుల ఖర్చు తగ్గించుకోవడానికి పనికొస్తుంది. వస్తే మాత్రం ముందు నుంచి ఉప్పు ఉందేమో అన్న ప్రశ్నకు అదే జవాబు.

ఈసారి హాలహర్వికి వచ్చేటప్పుడు సీసాలు, చీటీలు నేనే తెస్తాను. ఊరి నాలుగు దిక్కులా నాలుగు బోర్లు మీరు చూసి పెట్టండి.